మీటరు మీద ఎర్ర లైటును లెక్కపెట్టండి: ఇంటి కరెంటు వాడకం తగ్గించుకునే పద్ధతి

తెలంగాణలో ఒక ఇల్లు నెలకు 200 యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జీ 820 రూపాయలు. అదే ఇల్లు 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. మీటరు తప్పు కాదిది, రీడింగ్ తీసినాయన తప్పూ కాదు. 2022 ఏప్రిల్ నుంచి నడుస్తున్న టారిఫ్ లెక్కే అంత. వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. 200 దాటారా, మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. ఆ పైన 7.70, 300 దాటితే 9 రూపాయలు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకైతే దెబ్బ ఇంకా పెద్దది. 200 దాటిన నెల మొత్తం బిల్లు చేతి డబ్బుతో కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలా ఒక్కసారిగా మీద పడదు కానీ మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఇంధన సర్దుబాటు పేరుతో పడేది కూడా యూనిట్ల లెక్కనే పడుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం రెండు రాష్ట్రాల్లోనూ వీటికి అదనం.

ఎక్కడున్నా సరే, మీరు మిగిల్చే యూనిట్ బిల్లులో అన్నిటికన్నా పైన కూర్చున్న యూనిట్. అన్నిటికన్నా ఖరీదైనదీ అదే. కాబట్టి ఇల్లంతా చీకటి చేసుకోనక్కర్లేదు. ఎక్కడ ఎక్కువ కాలుతోందో కనిపెట్టి, అక్కడ ఓ యాభై అరవై యూనిట్లు కోస్తే చాలు, బిల్లు బాగా దిగివస్తుంది.

మాది వరంగల్‌లో డాబా ఇంటి పై అంతస్తు. రెండు బెడ్‌రూములు, నలుగురం. ఏసీ వేయని నెలల్లో కూడా 245 యూనిట్ల దగ్గర ఉండేవాళ్లం. "లైట్ ఆర్పు, ఫ్యాన్ బంద్ చెయ్" అని ఒకరి మీద ఒకరం అరుచుకోవడం తప్ప ఏళ్ల తరబడి ఏమీ చేయలేదు. ఇప్పుడు అవే నెలల్లో 165 దగ్గర ఆగుతోంది. ఎలా తగ్గిందో వరుసగా చెప్తాను. ఇదే వరుసలో చేయండి.

మొదటి పని: మీటరును చదవడం

ఏ వస్తువూ కొనకముందు చేయాల్సిన పని ఇది. పైసా ఖర్చు లేదు. మీ మీటరు ముందు నిలబడండి. డిజిటల్ మీటరైతే ముఖం మీద చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. దాని పక్కన ఒక అంకె ఉంటుంది. చాలా ఇళ్లలో అది 3200. ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడవడం.

ఇక్కడినుంచి లెక్క తేలిక. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక మెరుపుకూ తర్వాతి మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 1125ను ఆ సెకన్లతో భాగించండి. వచ్చేదే ఆ క్షణంలో మీ ఇంట్లో నడుస్తున్న వాట్లు. అంకె 1600 అయితే 1125 బదులు 2250తో లెక్క కట్టండి. ఇంకేదైనా అంకె ఉంటే 36 లక్షలను దాంతో భాగిస్తే మీ మీటరు లెక్క దొరుకుతుంది. సీలు జోలికి, వైర్ల జోలికి మాత్రం వెళ్లకండి. మన పని చూడటమే.

ఒక ఆదివారం పొద్దున, పని తొందర లేనప్పుడు మొదలుపెట్టండి. ఇంట్లో అన్నీ ఆపేయండి. ఫ్రిజ్ ప్లగ్ కూడా తీయండి, ఓ పావుగంటకు ఏమీ కాదు. ఇన్వర్టర్ ఉంటే దాని ప్లగ్ కూడా తీసేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. ఇప్పుడు మీటరు దగ్గరికి వెళ్లి చూస్తే ఎర్ర లైటు కదలకూడదు. తర్వాత ఒక్కొక్కటీ వేసుకుంటూ రండి. పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే ఫుల్ స్పీడులో వేస్తే మెరుపు 15 సెకన్లకు ఒకసారి వస్తుంది, అంటే 75 వాట్లు. దాన్ని ఆపి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు వేస్తే రెండు నిమిషాలకు పైగా నిలబడాలి, ఇంకో మెరుపు రావాలంటే. గీజర్ వేస్తే చూడండి, సెకనుకు రెండుసార్లు కొట్టుకుంటుంది. ఏ వస్తువు ఎంత తింటుందో ఒకరు చెప్తే వినడం వేరు, ఆ లైటు కొట్టుకోవడం కళ్లతో చూడటం వేరు. మా అబ్బాయి బాత్రూంలో గీజర్ వదిలేసి రావడం ఆ రోజుతో మానేశాడు. నేను వాడిని ఒక్క మాట అనలేదు.

నేను మీటరు ముందు నిలబడి సెకన్లు లెక్కపెడుతుంటే మా అత్తమ్మ వాకిట్లోంచి, "ఏం బిడ్డా, ఆడ నిలబడి ఏం లెక్కవెడ్తున్నవ్?" అని అడిగింది. చెప్తే తనూ వచ్చి పక్కన నిలబడింది. ఇంట్లో అన్నీ ఆపేశామనుకున్నాం, అయినా లైటు 28 సెకన్లకోసారి మెరుస్తూనే ఉంది. 1125ను 28తో భాగిస్తే 40 వాట్లు. ఏమీ వాడకుండానే 40 వాట్లు! రోజంతా, నెలంతా లెక్కేస్తే దాదాపు 29 యూనిట్లు. ఒక్కో ప్లగ్ తీసుకుంటూ పోతే చివరికి ఇన్వర్టర్ దగ్గర తేలింది. బ్యాటరీ ముసలిదైపోయి ఎంత చార్జింగ్ పెట్టినా నిండక, లోపల వేడెక్కుతూ రాత్రీపగలూ కరెంటు లాగుతూనే ఉంది. చేయి పెట్టి చూస్తే వెచ్చగా తగిలింది. ఆ గది మూలకు రోజూ చీపురు పట్టుకెళ్లేవాళ్లమే కానీ, దాన్ని ముట్టి చూడాలని ఎవరికీ తోచలేదు. బ్యాటరీ మార్చాక ఆ 40 వాట్లు 11కు దిగాయి.

మీ ఇంట్లో కూడా అన్నీ ఆపాక లైటు మెరుస్తుంటే వదిలిపెట్టకండి. సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటర్, ఇన్వర్టర్ ముందు చూడండి. అవన్నీ తీసినా మెరుస్తుంటే తడిసిన గోడలోనో, పాడైన గీజర్ కాయిల్‌లోనో కరెంటు లీకవుతుండొచ్చు. అది డబ్బు సంగతి మాత్రమే కాదు, షాక్ కొట్టే సంగతి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను ఆ రోజే పిలవండి. మెయిన్ ఆపేసినా మీటరు మెరుస్తుంటే లోపం మెయిన్‌కు ముందే ఉంది, అది డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ వాళ్లు చూడాల్సింది. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

రెండో పని: ఫ్యాన్లు

మన ఇళ్లలో అసలైన ఖర్చు ఫ్యానుది. ఎవరూ దాన్ని అనుమానించరు. ఏసీని తిడతారు, మిక్సీని తిడతారు, ఫ్యాను మాత్రం నెత్తి మీద ఇంట్లో మనిషిలా తిరుగుతూ ఉంటుంది. లెక్క చూడండి. 75 వాట్ల ఫ్యాను రోజుకు 15 గంటలు తిరిగితే 1.1 యూనిట్. నెలకు దాదాపు 34. మూడు ఫ్యాన్లంటే 100 యూనిట్లు. 245లో వంద ఫ్యాన్లవే!

బీఎల్‌డీసీ ఫ్యాను అంతే గాలిని 30 వాట్లతో ఇస్తుంది. బీఎల్‌డీసీ అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారు. లోపల శాశ్వత అయస్కాంతాలు, వాటిని తిప్పే చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటాయి. పాత ఫ్యాను మోటారులో సగానికి పైగా కరెంటు వేడిగా పోతుంది. బాగా తిరిగిన ఫ్యానును ఆపి మధ్య గిన్నె మీద చేయి పెడితే కాలుతుందే, ఆ వేడికి డబ్బు కట్టేది మనమే. ఫ్యాను మారిస్తే నెలకు ఒక్కోదానికి 20 యూనిట్లు తగ్గుతాయి, మూడింటికి 60. తెలంగాణ లెక్కలో 245 నుంచి 185కు వస్తే చార్జీ 1,366 నుంచి 748కి దిగుతుంది. ఒక్కో ఫ్యాను మూడు వేల రూపాయల చుట్టూ ఉంది. చలికాలంలో ఫ్యాన్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏడాదిన్నర పట్టొచ్చు.

మూడూ ఒకేసారి కొనాలని లేదు. ఎక్కువ గంటలు తిరిగేది ఏదో చూసుకుని అది మార్చండి. చాలా ఇళ్లలో అది హాల్లోది, పెద్దవాళ్లు పగలంతా ఇంట్లో ఉంటే వాళ్ల గదిలోది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వేసే గది ఫ్యానును మార్చడం దండగ.

బిగించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. బీఎల్‌డీసీ ఫ్యానుకు గోడ మీది రెగ్యులేటర్ వాడకూడదు. స్పీడు రిమోట్‌తో మారుతుంది. రెగ్యులేటర్‌ను లైన్‌లోంచి తీసేసి, స్విచ్ నుంచి నేరుగా వైరు ఇవ్వాలి. "రెగ్యులేటర్ ఫుల్లులో పెట్టి వదిలేద్దాం మేడమ్" అని కొందరు ఎలక్ట్రీషియన్లు అంటారు. ఒప్పుకోకండి, లోపలి సర్క్యూట్ పాడైతే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

కొత్తది కొనే వీలు లేకపోతే పాతదాన్నే బాగు చేసుకోవచ్చు. పెద్ద డబ్బాలాంటి పాత రెగ్యులేటర్ స్పీడు తగ్గించినా కరెంటు పెద్దగా తగ్గించదు, మిగిలినదాన్ని తనలోనే వేడిగా పోగొడుతుంది. దాన్ని తీసి చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టించండి. ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంటే మోటారు పోయిందనుకోకండి, చాలాసార్లు పోయేది కండెన్సర్, దాని ఖరీదు చాలా తక్కువ. రెక్కలకు పాత దిండు గలీబు తొడిగి, బయటి నుంచి రెండు చేతులతో నొక్కి మీదికి లాగండి. దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద రాలదు. రెక్కల అంచున పేరుకున్న దుమ్ము తీస్తే అదే ఫ్యాను ఒక నంబరు తగ్గించినా సరిపోయేంత గాలి ఇస్తుంది.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్ల మీద కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి. కొనేటప్పుడు స్టార్లే కాకుండా ఎన్ని వాట్లో కూడా చూడండి.

వేసవికి ముందే పైకప్పు

పై అంతస్తులో ఉండేవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మే నెలలో రాత్రి పదింటికి కూడా ఫ్యాను కిందికి వేడిగాలినే కొడుతుంది. తప్పు ఫ్యానుది కాదు. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఏసీ వేసినా ముందు ఆ స్లాబుతోనే పోరాడాలి.

మార్చి రెండో వారంలోపు డాబాకు సున్నం కొట్టించండి. పొడి సున్నాన్ని డ్రమ్ములో నీళ్లు పోసి ఒక రాత్రంతా నానబెట్టండి. పొద్దున పాత పంచెతో వడగట్టి, పట్టుకుని ఉండటానికి ఫెవికాల్ లాంటి జిగురు కలపండి. ముందు డాబా ఊడ్చి, నీళ్లతో కడిగి, నాచు గీకేసి ఆరనివ్వాలి. తర్వాత పెద్ద కుంచెతో ఒక పూత, అది ఆరాక అడ్డంగా రెండో పూత. కళ్లకు నల్లద్దాలు పెట్టుకోండి, ఆ తెల్లదనం మీద పడిన ఎండ కళ్లలోకి కొడుతుంది. సున్నం చేతులను తినేస్తుంది, గ్లౌజులు వేసుకోండి. వానాకాలానికి చాలావరకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా చేయాల్సిందే. ఖర్చు పెట్టగలిగితే కూల్ రూఫ్ పెయింట్ దొరుకుతుంది, కొన్నేళ్లు నిలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి పంపేస్తుంది, అంతే సూత్రం.

అద్దెకు ఉండేవాళ్లు ఇంటాయనను అడిగితే చాలామంది కాదనరు, పని మనమే చేయించుకుంటామంటే. పడమటి కిటికీకి మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా మందపాటి కర్టెనో, బయటి వైపు తడికో కట్టండి. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక ఆపడం కష్టం. అద్దానికి బయటే ఆపగలిగితే మేలు.

కూలరా, ఏసీనా అంటే ఊరిని బట్టి చెప్పాలి. వరంగల్, కరీంనగర్, కర్నూలు, అనంతపురంలాంటి పొడి ఎండ ఊళ్లలో కూలర్ బ్రహ్మాండంగా పని చేస్తుంది. 150 నుంచి 200 వాట్లతో రాత్రంతా నడిపినా రెండు యూనిట్లు దాటదు. కిటికీ దగ్గర పెట్టి, ఎదుటి తలుపు కొంచెం తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూస్తే తేమ నిండిపోయి ఉక్కపోస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో గాల్లోనే తేమ ఉంటుంది కాబట్టి అక్కడ కూలర్ పెద్దగా ఉపకరించదు.

ఏసీ ఉంటే

టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే సుమారు ఆరు నుంచి ఎనిమిది యూనిట్లు తింటుంది. నెల తిరిగేసరికి అదొక్కటే 200 చేయొచ్చు. మేమూ ఏప్రిల్, మే నెలల్లో 200 దాటుతాం. దాటితే దాటనీ, 300 మాత్రం దాటకుండా చూసుకుంటాం.

26 దగ్గర పెట్టి, ఫ్యాను ఒకటో రెండో నంబరులో వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ ఉన్న ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని కేంద్ర ప్రభుత్వం నిబంధన కూడా పెట్టింది. చాలా ఇళ్లలో ముందు 18 పెట్టి, అర్ధరాత్రి దుప్పటి కప్పుకుంటారు. ఆ దుప్పటి అవసరం పడిందంటే అప్పటిదాకా కాలిన కరెంటంతా వృథా అయినట్టే. తెల్లవారుజామున మూడింటికి ఆగిపోయేలా టైమర్ పెట్టండి. చల్లబడిన గది తెల్లారేదాకా ఫ్యానుతో గడిచిపోతుంది.

ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి పంపు కింద కడిగి, నీడన ఆరబెట్టి పెట్టాలి. మెకానిక్ అక్కర్లేదు, ముందు మూత పైకెత్తితే జాలీ చేతిలోకి వస్తుంది. తలుపు కింద సందును పాత తువ్వాలు చుట్టి మూయండి. సీజన్ అయిపోయాక ఏసీకి ఉన్న ఎంసీబీ స్విచ్‌నే దించేయండి, రిమోట్‌తో ఆపితే లోపల కొంత కాలుతూనే ఉంటుంది.

కొత్తది కొంటుంటే స్టార్ లేబుల్ మీద ఏ కాలానికి ఆ స్టార్లు ఇచ్చారో చదవండి. ప్రమాణాలు కొన్నేళ్లకోసారి కఠినమవుతుంటాయి. గోడౌన్‌లో మిగిలిపోయిన పాత 5 స్టార్, ఇప్పటి లెక్కలో 3 స్టారే కావచ్చు.

ఫ్రిజ్

ఫ్రిజ్‌ను రాత్రిపూట ఆపేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మానేయండి. పొద్దున మళ్లీ అంతా చల్లబరచడానికి అది ఎక్కువసేపు నడుస్తుంది, పైగా పాలు విరిగిపోతాయి. చూడాల్సింది తలుపు రబ్బరును. పది రూపాయల నోటును తలుపు అంచులో సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు మూయండి. మెల్లగా లాగితే బిగువుగా రావాలి. జారిపోతే చలి కూడా అక్కడినుంచే జారిపోతోంది. ముందు సబ్బునీళ్లతో రబ్బరు మడతలు తుడవండి, పప్పు మరకలు గట్టిపడి కూడా సరిగా మూసుకోదు. అప్పటికీ వదులుగా ఉంటే రబ్బరు మార్పించండి. నాలుగు వైపులా చూడాలి, ముఖ్యంగా కింది మూల.

గోడకు బెత్తెడు దూరం ఉంచండి, పొయ్యి పక్కన పెట్టకండి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో వేలి మందాన మంచు పేరుకోకముందే కరిగించాలి. వేడి సాంబారు గిన్నె చల్లారాకే లోపల పెట్టండి.

గీజరూ, మోటారూ

15 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి ఒంటికి సరిపడా 40 డిగ్రీలకు తేవాలంటే పావు యూనిట్ చాలు. అదే నీటిని గీజర్‌లో 60 దాకా వేడి చేస్తే 0.6 యూనిట్ అవుతుంది. తర్వాత మనం అందులో చన్నీళ్లు కలుపుకుంటాం! గీజర్ కింద చిన్న నాబ్ ఉంటే 45, 50 మధ్యకు తిప్పండి. స్నానానికి పది నిమిషాల ముందు వేసి, బకెట్ పట్టుకోగానే ఆపేయండి. ఇంట్లో నలుగురూ వెంటవెంటనే స్నానాలు కానిస్తే గంటకోసారి వేసే పని తప్పుతుంది. వరంగల్‌లో మాకైతే ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా డాబా మీది ట్యాంకు నీళ్లే వెచ్చగా వస్తాయి. పొద్దున కాకుండా సాయంత్రం స్నానం చేసేవాళ్లకు గీజరే అక్కర్లేదు.

ఒక హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తింటుంది. ట్యాంకు నిండి గోడ వెంట నీళ్లు కారుతుంటే పక్కింటివాళ్లు కేకేసేదాకా మనకు తెలియదు. ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. మోటారు వేసిన ప్రతిసారీ ముందుగా నీళ్లు పోయాల్సి వస్తుంటే, పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వ్ పోయినట్టు. అది మార్చకుండా నడిపితే మోటారు వట్టి గాలి లాగుతూ కరెంటు తింటుంది.

వంట దగ్గర

గ్యాసు కూడా ఇంటి ఖర్చే కదా. కందిపప్పును అరగంట నానబెట్టి కుక్కర్‌లో పెడితే మెత్తబడటానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టండి. లోపల నీరు ఒకసారి ఆ వేడికి చేరాక పెద్ద మంట వేసినా అంతకన్నా వేడెక్కదు, ఆవిరి మాత్రం వృథాగా పోతుంది. ఒకే కుక్కర్‌లో కింద పప్పు, పై గిన్నెలో బియ్యం, ఆ పైన బంగాళదుంపలు పెట్టుకోవడం మా అత్తమ్మ నలభై ఏళ్లుగా చేస్తున్న పని. మంట నీలంగా కాకుండా పసుపుగా, గిన్నె అడుగు నల్లబడేలా వస్తోందంటే బర్నర్ రంధ్రాలు పూడుకున్నాయి. బర్నర్ చల్లారాక సూదితో శుభ్రం చేసి, కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి.

పట్టించుకోవాల్సినవీ, అక్కర్లేనివీ

పాత చోకు ట్యూబ్‌లైటు చోకుతో కలిపి 50 వాట్ల దాకా తింటుంది. 20 వాట్ల ఎల్ఈడీ అంతే వెలుగిస్తుంది. 2015లో తక్కువ ధరకు ఎల్ఈడీ బల్బులిచ్చే ఉజాలా పథకం వచ్చాక చాలా ఇళ్లలో బల్బులు మారాయి కానీ, వంటింట్లోనో వరండాలోనో ఒక పాత ట్యూబు మిగిలే ఉంటుంది. చూడండి.

సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో ఆపినా దాదాపు అంతే లాగుతుంది. పది వాట్లనుకున్నా నెలకు ఏడు యూనిట్లు. రాత్రి పడుకునే ముందు టీవీ, బాక్సు రెండూ గోడ స్విచ్ దగ్గరే ఆపండి. ఇస్త్రీ రోజుకో చొక్కా కాకుండా వారానికోసారి ఒకే విడతలో చేసుకోండి. పెట్టె మళ్లీ మళ్లీ వేడెక్కే ఖర్చు తగ్గుతుంది. చివరి రెండు బట్టలు ప్లగ్ తీసేశాక ఉన్న వేడితోనే అయిపోతాయి.

ఫోన్ చార్జర్ ప్లగ్‌లో వదిలేశారని పిల్లల మీద విసుక్కోకండి. ఖాళీ చార్జర్ నెలంతా ఉన్నా పావు యూనిట్ కూడా తినదు. ఇంట్లో వాళ్లకు చెప్పగలిగే మాటలు కొన్నే ఉంటాయి. వాటిని గీజర్ కోసం, ఏసీ కోసం దాచుకోండి.

సోలార్ గురించి చాలామంది అడుగుతారు. సొంత డాబా, నీడ పడని వంద చదరపు అడుగుల చోటు ఉంటే ఒక కిలోవాట్ పెట్టుకోవచ్చు. రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లూ ఆ పైనైతే మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించారు. అయితే ముందు పైన చెప్పినవన్నీ చేసి, వాడకం తగ్గించుకుని, అప్పుడు ఎన్ని కిలోవాట్లు కావాలో లెక్క కట్టండి. మూడు అవసరమనుకున్న ఇంటికి రెండే సరిపోవచ్చు.

రోజూ చేయాల్సింది ఒక్కటే

రీడింగ్ తీసిన రోజున మీటరు అంకెను క్యాలెండర్‌లో రాసుకోండి. 200 లోపు ఉండాలంటే రోజుకు ఆరున్నర యూనిట్లు. పదో రోజుకు 65, ఇరవయ్యో రోజుకు 130 దగ్గర ఉన్నారా లేదా చూసుకోండి. దాటితే ఇంకా పది రోజులుంది, సర్దుకోవచ్చు. బిల్లు చేతికొచ్చాక చేయగలిగేది ఏమీ ఉండదు.

మా ఇంట్లో ఆ పని ఇప్పుడు అత్తమ్మదే. పొద్దున పాల ప్యాకెట్ తీసుకుని లోపలికి వస్తూ మీటరు చూస్తుంది. పాల లెక్క రాసే గడిలోనే, కింద చిన్న అంకెల్లో రాస్తుంది. మొన్న పద్దెనిమిదో తారీఖున 121 వేసి, పక్కన పెన్నుతో ఒక గీత గీసింది. ఆ సాయంత్రం ఇస్త్రీ బట్టలు ఆదివారానికి వాయిదా పడ్డాయి.